కృప జారిన మెట్లు

వచ్చే మంగళవారం నేను కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నానన్న సంగతి మిల్టన్ కీన్స్‌లో ఎవరికీ తెలియదు. షెఫీల్డ్‌లో ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషే ఈ శనివారం మా తెలుగు ఫెలోషిప్‌లో మాట్లాడటానికి వస్తోందని దేవదానం అంకుల్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు.

"స్కాట్లాండ్ సంఘ చరిత్ర. ప్రసంగం: సిస్టర్ భావన. అందరూ తప్పక రావలెను. భోజనం ఉంటుంది."

భావనది బాపట్ల. మూడున్నర వందల ఏళ్ళ కిందటి స్కాట్లాండ్ చర్చి రికార్డుల మీద షెఫీల్డ్‌లో పిహెచ్‌డి చేస్తోంది. పోయిన క్రిస్మస్‌కి మా ఇంట్లోనే దిగింది, అప్పటినుంచి నన్ను అక్కా అంటుంది. మంచి పిల్ల, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. నేను గుంటూరులో నర్సింగ్ చదివినదాన్ని. ఇక్కడ కేర్ హోమ్‌లో పనిచేస్తూ, ఇంగ్లీషు పరీక్ష రాసి, షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకున్నాను. వీసా కూడా వాళ్ళే ఇప్పిస్తామన్నారు. ఇదంతా మా ఆయనకి తెలియకుండా. ఉండటానికి గది కావాలి కాబట్టి భావనకి చెప్పక తప్పలేదు. "బావగారికి సర్‌ప్రైజ్, ఎక్కడా అనకు" అన్నాను. నిజం చెప్పి ఉంటే నోరు కుట్టేసుకునేదేమో. సర్‌ప్రైజ్ అంటే ఎవరు ఆపుకోగలరు?

నిజమేమిటంటే నాకు మా ఆయనంటే భయం. ఆయన పేరు ఆదర్శ్. నవ్వకండి, పెట్టింది వాళ్ళ నాన్నగారు. ఆఫీసులో మంచివాడు, ఫెలోషిప్‌లో ఇంకా మంచివాడు. కీబోర్డ్ వాయిస్తాడు, పాటలు నడిపిస్తాడు. కళ్ళు మూసుకుని పాడుతుంటే ఆంటీలందరూ చున్నీలతో కళ్ళొత్తుకుంటారు. "నువ్వెంత అదృష్టవంతురాలివి కృపా" అంటారు. ఇంట్లో ఆ పాటలే బ్లూటూత్ స్పీకర్‌లో పెడతాడు. ముందు కర్టెన్లు లాగుతాడు, తర్వాత సౌండ్ పెంచుతాడు, ఆ తర్వాత నా వైపు తిరుగుతాడు. పాట అయ్యేలోపు అయిపోతుంది. అవకపోతే రెండో పాట వస్తుంది.

మంగళవారాలు ఆయన బ్రాక్‌నెల్ ఆఫీసుకి వెళతాడు. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. పాస్‌పోర్టులు ఇప్పటికే సొరుగులోంచి తీసి కేర్ హోమ్‌లో నా లాకర్‌లో పెట్టేశాను. ఆయన ఆ సొరుగు తెరవకుండా ఉండాలి, భావన నోరు తెరవకుండా ఉండాలి. ఈ రెండూ జరిగితే నేను బతికిపోతాను. "నువ్వు నా వీసా మీద ఉన్నావ్. ఒక్క ఫోన్ కొడితే ఫ్లైట్‌లో ఉంటావ్, పిల్ల ఇక్కడుంటుంది" అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో నాకు లెక్కలేదు. అది అబద్ధమో నిజమో తెలుసుకునే ధైర్యం కూడా చాన్నాళ్ళు రాలేదు నాకు.

మా ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. గుంటూరులో మా అత్తగారు "మా అబ్బాయి ఇంగ్లండ్‌లో బంగళా తీసుకున్నాడు" అని చెప్పుకుని మురిసిపోతుంటుంది. విన్నవాళ్ళు రెండంతస్తుల మేడ, ముందు కారు షెడ్డు, పైన బాల్కనీ అన్నీ ఊహించుకుంటారు. ఇక్కడ బంగళా అంటే మేడ లేని ఇల్లు. మోకాళ్ళు అరిగిన ముసలివాళ్ళు కొనుక్కునేది. మాది అందులోనూ సగం. ఒక గోడకి ఇటు మేము, అటు ఆండాళమ్మగారు.

ఆవిడది కొవ్వూరు. కొడుకు చలపతి సాఫ్ట్‌వేరు. నుదుట నిలువుబొట్టు, మెడలో తులసిపూసలు. కొడుకు వారాంతాల్లో కూడా లాప్‌టాప్ వదలడు కాబట్టి ఆవిడ మా వెంట ఫెలోషిప్‌కి వస్తుంది. "ఏసు పాటలైతేనేంటమ్మా, తెలుగేగా" అంటుంది. మా బిర్యానీ ముట్టదు, దద్దోజనం డబ్బా తెచ్చుకుంటుంది. ఆదర్శ్ పలకరిస్తే జవాబివ్వదు. ఆవిడకి పూర్తిగా చెముడని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆవిడని కార్లో వెనక కూర్చోబెట్టుకుని నన్ను తిట్టేవాడు.

శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ సెంటర్ హాల్లో అడుగుపెట్టేసరికి భావన అప్పటికే వచ్చేసింది. "అక్కా!" అని పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. నా ఎడమ మణికట్టుకి ఉన్న బ్యాండ్ చూసి "అయ్యో, ఇంకా తగ్గలేదా? మెట్ల మీద జారావని అంకుల్ చెప్పారు" అంది. తల ఊపాను. అందరికీ అదే చెప్పాం. మొదట ఆ మాట నేననలేదు, ఆదర్శే అన్నాడు, ఆసుపత్రి కౌంటర్ దగ్గర, నేను నోరు తెరిచేలోపే. ఆ తర్వాత ఎవరడిగినా నా నోట కూడా అదే వచ్చేది. పడితే ఎముక ఎలా విరుగుతుందో, మెలిపెడితే ఎలా విరుగుతుందో తెలియని దాన్ని కాదు.

భావన ఆదర్శ్ వైపు తిరిగింది. "వందనాలు బావగారూ! ఏంటి, షెఫీల్డ్ ఎప్పుడొస్తున్నారు మరి?"

ఆదర్శ్ నవ్వుతూనే ఉన్నాడు. "షెఫీల్డా? ఎందుకు?"

"ఊరికే... చూడ్డానికి!" అని భావన నా వైపు చూసి కన్ను గీటింది. కన్ను గీటడం కూడా రహస్యంగా గీటలేదు మహాతల్లి. ఆదర్శ్ ఆ కన్ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం కర్టెన్లు లాగేశాడు. "చూద్దాం" అని వెళ్ళి కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. ఆ కీబోర్డ్ వేదిక పక్కన, జనం వైపు తిరిగి ఉంటుంది. అంటే మీటింగ్ అంతసేపూ ఆయన మొహం నా ఎదురుగా ఉంటుంది.

మా అమ్మాయి రిషిత టీ టేబుల్ దగ్గర రంగు పెన్సిళ్ళు పరుచుకుంది. నేను ఆండాళమ్మగారి పక్కన కూర్చున్నాను. దేవదానం అంకుల్ ప్రార్థన చేసి భావనని పిలిచారు. అంకుల్‌ది ఒంగోలు, ఇక్కడి కౌన్సిల్‌లో ఉద్యోగం, మా ఫెలోషిప్‌కి పెద్ద. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందుగా సూప్ పట్టుకెళ్ళేది ఆయనే. చెడ్డ మనిషి కాదు. చెడ్డ సంగతులు వినడం ఆయనకి ఇష్టం ఉండదు, అంతే.

భావన బాగానే మొదలుపెట్టింది. "మనకి సంఘ పెద్దలున్నట్టే స్కాట్లాండ్‌లో అప్పుడు ప్రతి ఊళ్ళో చర్చి పెద్దల సభ ఉండేదండి. కానీ వాళ్ళు పోలీసులూ వాళ్ళే, జడ్జీలూ వాళ్ళే. ఆదివారం ఆరాధన జరుగుతుంటే ఇద్దరు పెద్దలు బయటికెళ్ళి ఇల్లిల్లూ చూసొచ్చేవాళ్ళు, రానివాళ్ళు ఎవరని."

"ఇప్పుడు వాట్సాప్ చేస్తున్నాం, కాళ్ళు నొప్పుట్టకుండా" అన్నారు దేవదానం అంకుల్. అందరూ నవ్వారు.

తప్పు చేసినవాళ్ళని సంఘం ముందు పశ్చాత్తాపపు పీట మీద కూర్చోబెట్టేవాళ్ళని, కొన్ని ఊళ్ళలో పెళ్ళాన్ని కొట్టిన మొగుణ్ణి కూడా కూర్చోబెట్టారని, అబద్ధమెందుకు, అది కూడా రాసి ఉందని చెప్పింది. ఆ మాట దగ్గర నేను తల ఎత్తలేదు. ఊరు మారాలంటే పెద్దల సంతకంతో మంచి నడవడి పత్రం ఉండాలట, అది లేకుండా వచ్చినవాళ్ళని పక్క ఊరు రానిచ్చేది కాదట. పేరు వేరుగానీ వీసాయేగా అనుకున్నాను.

"ఇప్పుడు ఒక మనిషి కథ చెప్తాను. ఆ పేర్లు మనకి నోరు తిరగవు, అందుకని మన బైబిల్లో మార్చినట్టు నేనూ మార్చేశాను. జాన్‌ని యోహాను అంటాను, ఎల్స్‌పెత్‌ని ఎలీసబెతు అంటాను. కథలో ఆవిడ పేరు గ్రేస్. అంటే, కృప."

హాల్లో నాలుగైదు తలలు నా వైపు తిరిగి నవ్వాయి. "మన కృప!" అంది ఎవరో ఆంటీ. భావన కూడా నన్ను చూసి నవ్వింది. ఏమీ తెలియని నవ్వు. నేనూ పళ్ళు బయటపెట్టాను, అలా పెట్టడం నాకు బాగా అలవాటు.

ఆదర్శ్ నవ్వలేదు. ఆయన చేతులు కీబోర్డ్ మీద ఉన్నాయి. స్విచ్ వేసి లేదు, అయినా వేళ్ళు మెట్ల మీద మెల్లగా కదులుతున్నాయి. ఏ పాటో వేళ్ళని బట్టి నాకు తెలిసిపోయింది.

"కృప కూలిమనిషి," భావన చెబుతోంది. "సముద్రానికి దూరంగా, లోపలి పల్లె. ఒకరోజు పెద్దల సభకొచ్చి, నాకు పత్రం ఇవ్వండి, మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతానంది. ఎందుకమ్మా అన్నారు. నా భర్తతో ఉండలేను అంది. అప్పుడు పెద్దలు భర్త యోహానుని పిలిచారు."

దేవుడా, ఆపమని ఎలా చెప్పను? లేచి బాత్రూముకి వెళదామనుకున్నాను. లేస్తే ఆదర్శ్‌కి అర్థమైపోతుంది. కూర్చుంటే మొహంలో కనిపించిపోతుంది. ఆండాళమ్మగారు నా వైపు చూడకుండానే నా మోకాలి మీద చెయ్యి వేసింది. నా కాలు ఎంత వణుకుతోందో అప్పుడుగానీ నాకు తెలియలేదు.

"యోహాను మంచివాడని పేరు. చర్చిలో కీర్తన ఎత్తుకునేది అతనే, అతను ఒక్కో పాదం పాడితే జనం అందుకునేవాళ్ళు. నా భార్యకి మతి నిలకడ లేదు అన్నాడు. ఇరుగుపొరుగుని పిలిచారు. మీరేమైనా విన్నారా అంటే, లేదు, వాళ్ళు అన్యోన్యంగా ఉంటారు అన్నారు. అందరూ అదే మాట. చివరికి కృపనే అడిగారు, మరి నీ మొహం మీద ఆ దెబ్బేంటి అని."

భావన కాగితం చూసుకుంది.

"అక్కడ ఆవిడ భర్త నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏమందో రాసినాయన ఒక్క ముక్కలో రాశాడు. మెట్ల మీద జారాను అందట."

బయట కారు తలుపు పడింది. నేను మణికట్టు మీది బ్యాండ్‌ని చున్నీ కింద దాచుకున్నాను. ఆ దాచుకోవడం ఆదర్శ్ చూశాడు.

"పత్రం ఇవ్వలేదు. ఇద్దరి చేతులూ కలిపించి ఇంటికి పంపారు. ఆ తర్వాత కృప పేరు ఆ రికార్డులో ఇంకొక్కసారే కనిపిస్తుంది, ఆ చలికాలం. శవపేటిక మీద కప్పే నల్లగుడ్డ చర్చిదే ఉండేది, దాన్ని కృప కోసం యోహాను ఇంటికి ఇచ్చినట్టు. అంతే."

ఆండాళమ్మగారు "రామరామ" అంది.

"నేను ఎడిన్‌బరోలో ఈ పేజీలు చదివి వదిలెయ్యలేకపోయానండి. బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. ఆ కాలం కూలివాళ్ళ ఇళ్ళ పునాదులు ఇంకా ఉన్నాయి. రాళ్ళగోడ, ఒకటే గది, మీద గడ్డికప్పు. మట్టినేల." భావన గొంతు మారింది. ఇప్పుడు ఆ పిల్లకి మేమెవరం గుర్తులేం, ఆ పునాదుల దగ్గరే నిలబడి ఉంది. "చుట్టుపక్కల ఏ కూలివాళ్ళ ఇంటికీ పై అంతస్తు లేదు. నేను వెళ్ళిన చోటల్లా చూశాను, ఆ పల్లెలో మెట్లే లేవు. మరి కృప ఏ మెట్ల మీంచి జారింది? ఆ పెద్దలందరూ ఆ ఊరివాళ్ళే. ఆ ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసినవాళ్ళే. ఒక్కరంటే ఒక్కరు కూడా, ఏ మెట్లమ్మా, అని అడగలేదు."

మా ఇంటికి మెట్లు లేవు.

ఇన్నాళ్ళూ ఆ అబద్ధం చెబుతున్న నాకే తట్టలేదు ఆ సంగతి. హాలంతా చల్లగా, దూరంగా అయిపోయింది. ఆదర్శ్ వేళ్ళు ఆగిపోయాయి. నన్నే చూస్తున్నాడు. భావనకి నేనే చెప్పి ఈ కథ అల్లించాననుకుంటున్నాడని ఆ చూపు చెప్పింది. షెఫీల్డ్, కన్నుగీటు, కృప, మెట్లు. ఆయన లెక్కల్లో ఎప్పుడూ గట్టివాడే. ఇంటికి వెళ్ళాక కర్టెన్లు లాగుతాడు, సొరుగు తెరుస్తాడు, పాస్‌పోర్టులు ఉండవు. మంగళవారం దాకా నేను మిగలను. ఇంత స్పష్టంగా నాకు ఎప్పుడూ భయం వేయలేదు.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. దేవదానం అంకుల్ గబగబా లేచి, "చక్కగా చెప్పావమ్మా, మన కాలం ఎంతో నయం, దేవునికి స్తోత్రం" అన్నారు. ఆ తర్వాత అలవాటుకొద్దీ ప్రతివారం అనే మాటే అన్నారు. "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి చెప్పండి."

మా దగ్గర సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. జ్వరం తగ్గింది, ఇంటర్వ్యూ పాసయ్యాను, వీసా వచ్చింది, స్తోత్రం. ప్రతివారం ఇద్దరో ముగ్గురో లేచి చెబుతారు, మేము ఆమెన్ అంటాం.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. ఆండాళమ్మగారు లేచి నిలబడింది.

"నేను చెబుతానండి సాక్ష్యం" అంది.

అంకుల్ మొహం వెలిగిపోయింది. నిలువుబొట్టు పెట్టుకున్న మనిషి సాక్ష్యం చెబుతానంటే ఏ సంఘ పెద్దకి ఆనందం కాదు? "చెప్పండమ్మా, చెప్పండి, సంతోషం!"

"ఇందాక ఆ అమ్మాయి చెప్పిందే, ఆ ఊళ్ళో ఇరుగూపొరుగూ ఏం విన్లేదన్నారని. నేను విన్నానండి."

"ఏం విన్నారమ్మా?" అన్నారు అంకుల్, ఇంకా నవ్వుతూ. ఆవిడ స్కాట్లాండ్ గురించే మాట్లాడుతోందని అనుకుంటున్నారు. మేమందరం అలాగే అనుకున్నాం ఒక్క క్షణం.

"నేను గోడకవతల ఉంటానండి, వీళ్ళకి. నాకు చెవుడనుకుంటాడా అబ్బాయి. అనుకోనీ, నాకూ ఆయనతో మాటల్లేవు. వాళ్ళింట్లో పాటలు పెడతారండి. మామూలుగా పెట్టుకుంటే నేనూ వింటాను, బాగుంటాయి. ఒక్కోసారి మాత్రం ఉన్నట్టుండి సౌండు పెంచేస్తారు, పాట మధ్యలో. అప్పుడు నేను టీవీ కట్టేసి గోడ దగ్గరికెళ్ళి నిలబడతాను. పాట కింద ఇంకో చప్పుడుంటదండి. ఆ అమ్మాయి అరవదు. పిల్ల ఏడవదు. అరవనందుకే నాకు భయం. మా చలపతితో చెబితే, మనకెందుకమ్మా, వాళ్ళ ఇంటి గొడవ అన్నాడు. ఎవరైనా అడిగితే చెబుదామని ఉన్నానండి. ఇవ్వాళ మీరడిగారు."

ఆవిడ కూర్చుంది. ఆమెన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను నేలనే చూస్తున్నాను. ఆవిడ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచి ఆ నోరు మూసేద్దామనిపించింది. మంగళవారం దాకా ఆగలేవా తల్లీ, ఇంకెంత, అని లోపల అరుచుకున్నాను. కృతజ్ఞత లాంటిదేదీ అప్పుడు లేదు, భయం ఒక్కటే.

ఆదర్శ్ నవ్వాడు. చాలా అందంగా నవ్వాడు. "సారీ ఆంటీ, డిస్టర్బ్ చేస్తున్నామని తెలీదు. నాకు వర్షిప్ అంటే అంతే అంకుల్, వాల్యూమ్ తెలీదు. ఇకనుంచి తగ్గించుకుంటాం."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. నవ్వులు కూడా వినిపించాయి. పెద్దావిడ ఏదో పొరబడింది, పాపం ఒంటరితనం. దేవదానం అంకుల్ జేబురుమాలుతో నుదురు తుడుచుకుని, "అదీ సంగతి! అపార్థాలు వద్దు. ఒక మంచి పాట పాడుకుని భోజనాలకి లేద్దాం. బ్రదర్ ఆదర్శ్, అందుకోండి" అన్నారు.

ఆదర్శ్ స్విచ్ వేశాడు. నన్ను చూస్తూ సౌండ్ బటన్ తిప్పాడు, హాలు పెద్దది కదా మరి. వేళ్ళు ఆ పాట మీదే పడ్డాయి. మెల్లగా ఎత్తుకోవడమేమీ లేకుండా, పల్లవిలోకి ఒక్కసారిగా దూకింది శబ్దం.

నేనేం చేశానో నాకు తెలియదు. తర్వాత భావన చెప్పింది, నా రెండు చేతులూ తల మీదికి వెళ్ళాయట, మోచేతులు మొహానికి అడ్డంగా. నాకు తెలిసింది ఒక్కటే, పాట మొదలైనా ఎవరూ అందుకోలేదు. చేతుల సందులోంచి చూశాను. అందరూ నన్ను కాదు, టీ టేబుల్ వైపు చూస్తున్నారు.

రిషిత పెన్సిళ్ళు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది. తొందరేమీ లేదు, అలవాటైన పని చేస్తున్నట్టుంది. డబ్బా మూత పెట్టి, టేబుల్ కిందికి దూరి, మోకాళ్ళు ముడుచుకుని, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. టేబుల్‌క్లాత్ కిందనుంచి దాని ఎర్ర బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. పెదాలు కదులుతున్నాయి, అంకెలు లెక్కపెట్టుకుంటోంది. పాట అయిపోయేదాకా అంకెలు లెక్కపెట్టుకోమని నేనే నేర్పాను.

టీ పోస్తున్న ఆంటీ వంగి చూసింది. "రిషితా, ఏమైందిరా కన్నా?"

"ఇట్స్ ఓకే ఆంటీ," అంది నా కూతురు కళ్ళు తెరవకుండా. "ఇట్ స్టాప్స్ వెన్ ద సాంగ్ స్టాప్స్."

"బ్రదర్," అన్నారు దేవదానం అంకుల్. "బ్రదర్, ఆపండి." రెండోసారి అరిచినట్టే అన్నారు. కీబోర్డ్ ఆగింది.

అంకుల్ నా ముందుకొచ్చి నిలబడ్డారు. నా చున్నీ జారిపోయి మణికట్టు బయటపడింది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ దాన్ని చూశారు. "అమ్మా కృపా... ఈ చెయ్యి... ఇంట్లో మెట్ల మీద జారానన్నావు కదమ్మా?"

అవునను తల్లీ, అన్నట్టుంది ఆయన గొంతు. అవునంటే అందరం భోజనాలకి లేస్తాం. అవునంకుల్, అనే మాట నా నాలుక చివర తయారుగా ఉంది, ఎన్నిసార్లు చెప్పానో దాన్ని. ఆదర్శ్ కీబోర్డ్ వెనకనుంచి లేచాడు. కారు తాళాలు ఆయన చేతిలో చప్పుడు చేశాయి. టేబుల్ కింద ఎర్ర బూట్లు ఇంకా బయటికి రాలేదు. ఆ స్కాట్లాండ్ పల్లెలో, పెద్దల ముందు, భర్త పక్కన నిలబడ్డ మనిషికి కూడా ఇలాగే నోరెండిపోయి ఉంటుంది.

"అంకుల్, మాది బంగళా," అన్నాను. గొంతు పీలగా, వేరే ఎవరిదో అన్నట్టు వచ్చింది. "ఆగస్టులో ప్రార్థనకి మీరందరూ వచ్చారుగా. మా ఇంట్లో మెట్లు ఎక్కడున్నాయి?"

వెనక ఒక ఆంటీ కుర్చీలో కూలబడింది. ఆ రోజు మా హాల్లో చాప మీద కూర్చుని మా ఇంటిని దీవించిన వాళ్ళందరూ ఒక్కొక్కరే తల దించుకున్నారు.

"కృపా," అన్నాడు ఆదర్శ్ మెత్తగా. "పాపని తీసుకో. ఇంటికి పోదాం."

నా కాళ్ళు లేవబోయాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట అనగానే నా కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. అప్పుడు వేదిక మీదనుంచి భావన, ఇందాకటినుంచీ ఎక్కడ అనేస్తుందోనని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న ఆ ఒక్క మాటా, ఆయన ఎదుట, అందరూ వినేలా అనేసింది.

"అక్కా, షెఫీల్డ్‌లో నీ రూమ్ రెడీగా ఉంది. మంగళవారం దాకా ఎందుకు? ఇప్పుడే పోదాం పద."